ప్రదర్శనకు పెట్టిన కారవాన్ ట్రైలర్‌ను కొనవచ్చునా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి మూడేళ్ళయింది. నా భార్యకు మోకాళ్ళ నొప్పులు ఉన్నందున ప్రయాణాల్లో మరుగుదొడ్డి ఇబ్బంది చాలా ఎక్కువగా ఉంటోంది. అందువల్ల మా జీపుకు తగిలించుకొని వెళ్ళే చిన్న కారవాన్ ట్రైలర్ (పడక, వంటగట్టు, మరుగుదొడ్డి ఉండే చక్రాల గది) ఒకటి కొనుక్కొని గోపాలపూర్, తప్తపాణి, కోరాపుట్ వైపు నింపాదిగా తిరిగి రావాలని ఇద్దరమూ అనుకున్నాము. విశాఖపట్నంలో ఒక అమ్మకందారు దగ్గర అటువంటిది ఉంది. రెండేళ్ళు దాటి రెండు నెలలుగా ఆయన ఆవరణలో ప్రదర్శనకు ఉందట. కొత్తదాని ధర 9 లక్షలని, దీనిని 8 లక్షల 10 వేలకు ఇస్తానని, ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదు కనుక కొత్తదానితో సమానమని ఆయన అంటున్నారు. మా అల్లుడు మాత్రం పదిమంది ఎక్కి దిగిన బండి వద్దంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారు గారికి నమస్కారం. ఆయన చెప్పిన ధరకు, కాగితాలు చూడకుండా, నీళ్ళ పరీక్ష చేయకుండా ఈ బండిని కొనవద్దు. అయితే ప్రదర్శన బండి అన్న ఒక్క కారణంతో దానిని తోసిపుచ్చనూ వద్దు. పదిమంది ఎక్కి దిగడం వల్ల కలిగే నష్టం చిన్నది, అది కంటికి కనిపిస్తుంది. గుమ్మం దగ్గర నేలమీది వినైల్ అరుగుతుంది, సొరుగులు వదులవుతాయి, కూర్చునే పరుపు ఒక పక్కకు కుంగుతుంది, తాళంచెవో స్టవ్ మీది గుబ్బో కనపడకుండా పోతుంది. వీటన్నిటినీ ఒక పూటలో సరిచేయించుకోవచ్చు.

నన్ను ఆలోచింపజేసినది ‘తిరగలేదు’ అన్న మాట. అది నిజమే కావచ్చు. కానీ కారు వయసును లెక్కపెట్టినట్టు ట్రైలర్ వయసును కిలోమీటర్లలో లెక్కపెట్టడం కుదరదు. ఇంజను లేని ఈ బండిలో అరిగేది తక్కువ, నానేది ఎక్కువ. సాధారణంగా దాని గోడ అంటే బయట ఫైబర్ రేకో అల్యూమినియం రేకో, మధ్యలో నురుగు పలక, లోపల పలుచని ప్లైవుడ్. కప్పు గోడలను కలిసే చోట, కిటికీల చుట్టూ, గాలి గొట్టాల చుట్టూ పూసిన సీలెంటే వానను ఆపుతుంది. పగటి ఎండకు రేకు సాగి, రాత్రి చల్లబడి ముడుచుకొంటూ ఉంటే ఆ పూత క్రమంగా ఎండి, వెంట్రుకవాసి పగుళ్ళిస్తుంది. బండి రోడ్డెక్కినా ఎక్కకపోయినా ఎండ ఆగదు, వాన ఆగదు. మీరు చూసిన బండి ఆరుబయట నిలిచి ఉంటే రెండు వానాకాలాలు తడిసి ఉంటుంది, సముద్రం దగ్గరయితే ఉప్పుగాలి కూడా తిని ఉంటుంది. పైకప్పున్న గదిలో ఉంటే సంగతి వేరు. అందుచేత మొదట అడగవలసినది ఎంత తిరిగిందని కాదు, ఎక్కడ నిలబడిందని.

దీనిని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నాలుగేళ్ళ క్రితం బరంపురంలో మా స్నేహితుడొకరు ఇలాంటి ప్రదర్శన బండినే కొన్నారు. కొనేటప్పుడు వెంట నేనూ ఉన్నాను. పరుపులు, దీపాలు, వంటగట్టు తళతళలాడుతుంటే వాటినే చూశాము, నిచ్చెన వేసి కప్పు చూడాలన్న ఆలోచన ఇద్దరిలో ఎవరికీ రాలేదు. ఆ ఆషాఢంలో చిలికా సరస్సు ఒడ్డున రంభ దగ్గర ఒక రాత్రి ఆగినప్పుడు వాన పట్టుకుంది. తెల్లవారి చూస్తే మంచం తలవైపు మూలలో గోడకు అంటించిన కాగితం ఉబ్బి ఉంది. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. కాగితం చించితే ప్లైవుడ్ తడిసిన అట్టలాగా పొరలు పొరలుగా చేతికి వచ్చింది, దాని అంచున నల్లటి పాత మరక కనిపించింది. ఒక్క రాత్రి వానకు మరక నల్లబడదు, అమ్మకందారు ఆవరణలో ఉన్ననాటి నుంచే అక్కడ నీరు దిగుతూ ఉందన్నమాట. ఆ మూల గోడ మొత్తం విప్పించవలసి వచ్చింది, కొన్నప్పుడు తగ్గించిన డబ్బంతా ఆ పనికే పోయింది.

కనుక మీరు విశాఖపట్నం వెళ్ళినప్పుడు సగం రోజు దీనికే కేటాయించండి. ముందు తలుపు తీయగానే లోపలికి వెళ్ళి వాసన చూడండి, అగరబత్తి గాని సెంటు గాని కొట్టి ఉంటే తలుపులు మూయించి ఒక గంట తరువాత మళ్ళీ చూడండి. బీరువాల అడుగు మూలలు, కిటికీల కింది అంచులు, మరుగుదొడ్డి చుట్టూ నేల వేలితో నొక్కి చూడండి. తరువాత గొట్టంతో నీళ్ళు కొట్టించండి. కిందినుంచి మొదలుపెట్టి కిటికీల మీదుగా కప్పు దాకా అరగంట పాటు కొట్టించి, లోపల ఒకరు టార్చితో మూలలు చూడాలి. పైనుంచి మొదలుపెడితే నీరు ఎక్కడ దిగుతోందో తెలియదు. నీళ్ళ ట్యాంకు నింపించి, పంపు వేయించి, కుళాయిలు, షవరు, మరుగుదొడ్డి అన్నీ నడిపించి చూడండి. ప్రదర్శన బండిలో ఈ పంపు ఒక్కసారి కూడా తడిసి ఉండకపోవచ్చు, రెండేళ్ళు పొడిగా ఉన్న రబ్బరు వాషర్లు మొదటి రోజే కారవచ్చు. ఇంత పరీక్షకు అమ్మకందారు ఒప్పుకోకపోతే ఆ బండిని అక్కడే వదిలి రండి.

టైర్ల సంగతి త్వరగా తేలుతుంది. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 1422 అని ఉంటే అది 2022వ సంవత్సరం 14వ వారంలో తయారైనదని అర్థం. కొత్త టైరు మీద ఉండే రబ్బరు వెంట్రుకలు పోకపోయినా, నెలల తరబడి ఒకే చోట బరువు మోసిన టైరు ఆ చోట చదునవుతుంది, ఎండవైపు సన్నని పగుళ్ళు వస్తాయి. చక్రం జాకీ మీద లేపించి చేతితో తిప్పించండి. గరగరమంటే బేరింగు, తిరగకుండా పట్టేస్తే బ్రేకు డ్రమ్ము తుప్పు. బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టుల పైన చూపుతుంది, 12కు పడిపోయి నెలలు గడిచినది మళ్ళీ పూర్తిగా కోలుకోదు. గ్యాసు గొట్టం మీది తేదీ చూసి, అతుకుల దగ్గర సబ్బు నురగ పూయించి బుడగలు వస్తాయేమో గమనించండి.

ఇక కాగితాలు. ఎక్కువమంది పట్టించుకోనిది, డబ్బంతా మునిగేదీ ఇక్కడే. మన చట్టంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే, రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కరాదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 126వ నియమం ప్రకారం ట్రైలర్ తయారీదారు కూడా తన నమూనాను అధీకృత సంస్థలో పరీక్ష చేయించి ఆమోదం పొందాలి. ప్రదర్శన కోసమే చేసిన మొదటి బండి ఒక్కొక్కప్పుడు ఆ ఆమోదానికి ముందు తయారైనది కావచ్చు. అటువంటిది చూడడానికి అమ్మకపు బండిలాగానే ఉంటుంది, రిజిస్ట్రేషన్ మాత్రం కాదు. కనుక ఛాసిస్ మీద చెక్కిన నంబరును మీ చేతితో రాసుకోండి, ఫోటో తీసుకోండి. ఫారం 21 అమ్మకపు పత్రం, ఫారం 22 తయారీదారు యోగ్యతా పత్రం ఆ నంబరుతోనే ఉన్నాయో లేదో చూడండి. ఆ రెండింటి నకళ్ళతో ముందుగా పర్లాకిమిడి ఆర్‌టీఓ కార్యాలయంలో అడిగి, రిజిస్ట్రేషన్ అవుతుందని తెలుసుకున్న తరువాతే బయానా ఇవ్వండి. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రలోని పాతపట్నంలో బంధువులుండవచ్చు గాని, మీ నివాసం ఒడిశా కనుక రిజిస్ట్రేషన్, పన్ను ఇక్కడే. విశాఖపట్నం నుంచి తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద తెచ్చుకోవాలి. లాగే బండి నంబరు ట్రైలర్ మీద కూడా కనిపించాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్ చెబుతోంది. జీపు బీమాలో ట్రైలర్‌ను ప్రత్యేకంగా చేర్పించడం కూడా మరువవద్దు.

మీ జీపు దీనిని లాగగలదా అన్నది జీపుతో ఇచ్చిన సూచనల పుస్తకంలోనే చూడాలి. అమ్మకందారు చెప్పేది ఖాళీ బరువు. దాని మీద 100 లీటర్ల నీళ్ళు 100 కిలోలు, నిండు సిలిండరు దాదాపు 30, పడకలు, పాత్రలు, బియ్యం, బట్టలు కలిస్తే 250 కిలోలు సులువుగా ఎక్కుతుంది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం లాగే కొక్కెం మీద పడాలన్నది ఈ బండ్లు ఎక్కువగా వాడే అమెరికాలో పాటించే లెక్క. వెనుకవైపు బరువు ఎక్కువైతే బండి తోకలాగా ఊగుతుంది. గోపాలపూర్ వరకు జాతీయ రహదారి కనుక ఇబ్బంది లేదు. సాలూరు నుంచి పొట్టంగి మీదుగా కోరాపుట్‌కు ఎక్కే ఘాట్ మాత్రం అలాంటిది కాదు. దిగేటప్పుడు వెనుకనుంచి టన్నుకు పైగా బరువు తోస్తూ ఉంటుంది, ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేకపోతే ఆ దారిన వెళ్ళవద్దని నేను బతిమాలుతున్నాను.

ధర దగ్గరికి వద్దాము. మోటారు బీమాలో వాహనం విలువ కట్టడానికి ఒక పట్టిక ఉంది. ఏడాది నుంచి రెండేళ్ళ లోపు వాటికి 20 శాతం, రెండేళ్ళు దాటి మూడేళ్ళ లోపు వాటికి 30 శాతం తరుగు తీస్తారు. రిజిస్ట్రేషన్ పత్రంలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి కనుక రేపు మీరు అమ్మదలచినా కొనేవారు అక్కడినుంచే లెక్కపెడతారు. ఆ పట్టిక ప్రకారం 9 లక్షల బండి ఇప్పుడు 6 లక్షల 30 వేలు. వాడనిదన్న మర్యాద ఇచ్చి 7 లక్షల దాకా వెళ్ళవచ్చునని నా అభిప్రాయం, అదీ కొత్త టైర్లు, కొత్త బ్యాటరీ ఆయన ఖర్చుతో వేయించి, కప్పు సీలెంటు మళ్ళీ పూయించిన తరువాత. ఆయన ఇస్తానన్న 90 వేల తగ్గింపు ఈ లెక్కకు చాలా దూరంలో ఉంది.

బిల్లు మీద ‘ప్రదర్శన బండి’ అని, తయారైన నెల అని, వారంటీ బిల్లు తేదీనుంచి మొదలవుతుందని రాయించండి. ఫ్రిజ్, ఏసీ, పంపుల వారంటీలు విడివిడిగా ఉంటాయి, వాటికీ తేదీలు వేయించండి. దీనికి చట్టపరమైన కారణం ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు సరుకును పరిశీలించి కొన్నప్పుడు, ఆ పరిశీలనలో బయటపడవలసిన లోపాల విషయంలో అమ్మినవాడిపై చట్టం తనంతట తానుగా పూచీ మోపదు. ప్రదర్శన బండిని మీరు చూసే కొంటారు కనుక రాతపూర్వకమైన హామీయే మీకు ఆధారం. తరువాత చిక్కు వస్తే వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్ళ లోపు మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, విశాఖపట్నం తిరగనక్కరలేదు.

ప్రశ్న: మేము రాయగడలో ఉంటాము. ఇటువంటి ప్రదర్శన ట్రైలర్‌కే లక్ష రూపాయలు బయానా ఇచ్చాము. మిగతా డబ్బు కట్టి ఇప్పుడే బిల్లు చేయించుకోమని, దీపావళి దాకా బండిని తమ దగ్గరే ప్రదర్శనకు ఉంచుతామని అమ్మకందారు కోరుతున్నారు. ఒప్పుకోవచ్చునా?

జవాబు: ఒప్పుకోవద్దమ్మా. వేరే ఒప్పందం లేకపోతే సరుకు మీద హక్కు ఎవరిదో నష్టం కూడా వారిదే అన్నది వస్తు విక్రయ చట్టం 26వ సెక్షన్. బిల్లు మీ పేరున అయిన తరువాత బండి వారి ఆవరణలో ఉన్నా, చెట్టుకొమ్మ విరిగి కప్పు మీద పడితే ఆ భారం మీ మీదికి రావచ్చు. మన ప్రాంతానికి తుపానులు వచ్చే కాలం సరిగ్గా అదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి, రాయగడ జిల్లాల్లో ఏమి చేసిందో మీకు చెప్పనక్కరలేదు. బయానా రసీదు మీద ఛాసిస్ నంబరు రాయించి, అప్పగించే రోజు వరకు బండికి కలిగే నష్టమంతా అమ్మకందారుదేనని సంతకం చేయించుకోండి. మిగతా డబ్బు, బిల్లు, నీళ్ళ పరీక్ష మూడూ బండి తెచ్చుకునే రోజునే పెట్టుకోండి. ఆ రోజు పరీక్షలో చెమ్మ కనిపిస్తే బయానా పూర్తిగా తిరిగి ఇవ్వాలన్న మాట కూడా ఆ రసీదు మీదనే ఉండాలి.