వీడియో క్లాసు పెడితే ల్యాప్‌టాప్ కాలిపోతోంది. షాపు మీద కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంట్లోనే ఉండి డీఎస్సీకి ఆన్‌లైన్ క్లాసులు వింటున్నాను. అయిదు నెలల కిందట మా అన్నయ్య పాలకొల్లులో ఒక షాపులో 46,000 రూపాయలకు ల్యాప్‌టాప్ వాయిదాల మీద కొనిచ్చాడు. బిల్లు అన్నయ్య పేరు మీదే ఉంది. క్లాసు పెట్టిన పావుగంటకల్లా ప్రాసెసర్ వాడకం నూటికి నూరు చూపిస్తోంది. ఫ్యాను హోరు, అడుగుభాగం చెయ్యి పెట్టలేనంత వేడి, బొమ్మ ఆగి ఆగి వస్తోంది. మిగతా పనులకు బాగానే ఉంది. సర్వీస్ సెంటర్లో రెండుసార్లు ఫార్మాట్ చేసి ఇచ్చారు. మూడోసారి ‘మీ ప్రాంతం తేమకు లోపల తుప్పు పట్టింది, వారంటీ రాదు’ అని నోటిమాటగా చెప్పి పంపేశారు. కేసు వేస్తే నిలుస్తుందా? షాపు ఉన్నది వేరే జిల్లా కదా, ఎక్కడ వేయాలి? వాయిదాలు ఆపేయమని ఇంట్లో అంటున్నారు. ఆపవచ్చా?

జవాబు: ముందుగా వాయిదాల సంగతి. ఆపకండి. అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీతో మీ అన్నయ్యకున్నది వేరే ఒప్పందం. వస్తువు బాగాలేదని వాళ్లకు కట్టడం మానేస్తే ఆలస్య రుసుములు పడతాయి, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. రేపు మీ అన్నయ్య ఇంటికో బండికో లోను అడిగినప్పుడు ఇది అడ్డొస్తుంది. కట్టిన వాయిదాల రసీదులు మాత్రం దాచండి, డబ్బు వాపసు అడిగేటప్పుడు అవే లెక్క.

బిల్లు అన్నయ్య పేరున ఉన్నా ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) ప్రకారం, కొన్నవారి అనుమతితో వాడుకునేవారు కూడా వినియోగదారులే. ‘మా చెల్లెలి వాడకానికి కొన్నాను’ అని అన్నయ్య చేత ఒక కాగితం రాయించి సంతకం పెట్టించండి చాలు. జిల్లా గురించి కూడా దిగులక్కర్లేదు. షాపు వశిష్ఠ గోదావరికి ఆవల పశ్చిమ గోదావరిలో, మీరు ఈవల కోనసీమలో ఉన్నా, సెక్షన్ 34 మీరు నివసించే ప్రాంతపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోనిస్తుంది. 1986 చట్టంలో ఈ వెసులుబాటు లేదు. కేసు కోసం చించినాడ వంతెన దాటాల్సిన పని లేదు.

ఇక అసలు ప్రశ్న, కేసు నిలుస్తుందా అన్నది. అది మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది చట్టం దృష్టిలో లోపమా కాదా అన్నదాని మీద ఆధారపడుతుంది. లోపం ఉందని చూపాల్సిన భారం మొదట ఫిర్యాదుదారు మీదే ఉంటుంది. ‘స్లోగా ఉంది, వేడెక్కుతోంది’ అంటే సరిపోదు. కాబట్టి నోటీసు రాయించే ముందు ఒక సాయంత్రం కూర్చుని జబ్బు ఏదో తేల్చుకోండి. ఇది కంప్యూటర్ మెకానిక్ పని అనుకోకండి, మీ కేసుకు పునాది ఇదే.

వీడియో ఇంటర్నెట్‌లో కుదించిన రూపంలో వస్తుంది. దాన్ని విప్పి బొమ్మగా చూపడానికి గ్రాఫిక్స్ చిప్‌లో ప్రత్యేకమైన భాగం ఉంటుంది. ఆ భాగం పని చేయకపోతే, లేదా వచ్చే వీడియో రకం దానికి తెలియకపోతే, ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ (అంటే గ్రాఫిక్స్ చిప్) మీద నొక్కండి. క్లాసు నడుస్తుండగా ‘వీడియో డీకోడ్’ గీత పైకి లేస్తే ఆ భాగం పని చేస్తున్నట్టు. సున్నా దగ్గరే ఉంటే, బ్రౌజర్ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. తర్వాత డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏముందో చూడండి. అక్కడ ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే, ఫార్మాట్ చేసినవాళ్లు గ్రాఫిక్స్ డ్రైవర్ (ఆ చిప్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) వేయకుండా మీకు అప్పగించారన్నమాట. అది సర్వీస్ సెంటర్ సేవాలోపం. ఆ స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకోండి.

క్లాసులు యూట్యూబ్‌లో వస్తుంటే వీడియో మీద రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ తెరవండి. కోడెక్ దగ్గర ఏవీ01 అని ఉంటే అది కొత్త రకం కుదింపు. ఇంటెల్‌లో 11వ తరానికి ముందు వచ్చిన ల్యాప్‌టాప్ చిప్‌లకు దాన్ని విప్పే భాగం లేదు. మీది అంతకన్నా పాతదైతే యంత్రం చెడినట్టు కాదు, దాని శక్తి అంతే. అలాంటప్పుడు కేసు వేరే దారి పడుతుంది. సెక్షన్ 2(10)లో లోపం అంటే పాడైపోవడం ఒక్కటే కాదు, అమ్మినవాడు ఏ రూపంలోనైనా చెప్పిన ప్రమాణానికి వస్తువు తగ్గినా లోపమే. ‘ఆన్‌లైన్ క్లాసులకు భేషుగ్గా ఉంటుంది, లేటెస్ట్ మోడల్’ అని షాపతను వాట్సాప్‌లో పెట్టి ఉంటే ఆ మెసేజ్ చెరిపేయకండి. అట్టపెట్టె మీద తయారైన నెల, సంవత్సరం ముద్రించి ఉండాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. అదీ చూడండి.

అయితే మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన మాట ‘పావుగంటకల్లా’ అన్నది. డ్రైవర్‌దో కోడెక్‌దో తప్పయితే ప్రాసెసర్ మొదటి నిమిషం నుంచే నూటికి చేరాలి. పావుగంట ఆగి, వేడితో పాటు మొదలవుతోందంటే నాకు ఫ్యాను మీద, చిప్ నుంచి వేడి లాగే పేస్టు మీద అనుమానం. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వేగం తగ్గాక అదే చిన్న పని కూడా దానికి తలకు మించినదవుతుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ (ప్రాసెసర్) దగ్గర ‘బేస్ స్పీడ్’ అనీ, దాని పక్కన అప్పటి ‘స్పీడ్’ అనీ కనిపిస్తాయి. క్లాసు మొదలుపెట్టి, ఆ అంకెలు కనబడేలా ఇరవై నిమిషాలు ఫోనుతో ఆపకుండా రికార్డు చేయండి. స్పీడ్ బేస్ కన్నా బాగా కిందికి పడిపోయి అక్కడే ఉంటే, అది వారంటీలో ఉన్న వస్తువులో నికరమైన లోపం. పరుపు మీదో ఒళ్లోనో కాకుండా బల్ల మీద, ఛార్జర్ పెట్టి తీయండి. లేకపోతే అవతలి వకీలు మొదట అడిగేది అదే.

తేమ సాకు గురించి చెప్పాలి. వారంటీ వర్తించదన్న మినహాయింపు చెప్పుకునేవాళ్లే దాన్ని రుజువు చేయాలి. ఏ భాగానికి తుప్పు పట్టింది, ఫోటో ఏది, అది ఈ వేడికి ఎలా కారణమైంది, ఇవన్నీ రాతలో ఇమ్మని అడగండి. చాలా కంపెనీలు ఎంత శాతం తేమ దాకా యంత్రం పని చేస్తుందో మాన్యువల్‌లో రాస్తాయి. మీ మోడల్‌ది తీసి చూడండి. నీళ్లు పడటం వేరు, గాలిలో తేమ వేరు. ఏడాది పొడవునా కాలువల మధ్య బతికే ఊళ్లలో ల్యాప్‌టాప్ అమ్మి, ఇక్కడి గాలే తప్పని చెప్పడం నాకు సమ్మతం కాదు. కమిషన్ ముందు గట్టిగా వాదించదగ్గ మాట ఇది.

నేను చూసిన ఇలాంటి ఫైళ్లలో ఎక్కువ నష్టం జరిగేది జాబ్ షీట్ దగ్గర, అంటే సర్వీస్ సెంటర్లో మన ఫిర్యాదు రాసుకునే కాగితం దగ్గర. కౌంటర్లో కుర్రాడు ‘సిస్టమ్ స్లో’ అని రెండు ముక్కలు రాస్తాడు, మనం సంతకం పెట్టి వచ్చేస్తాం. మీ పాత రెండు షీట్లలో ఏముందో చదవండి. ఈసారి ‘వీడియో 15 నిమిషాలు నడిస్తే అధిక వేడి, సీపీయూ 100 శాతం, స్పీడ్ పడిపోతోంది, మూడోసారి ఫిర్యాదు’ అని రాయించాకే సంతకం చేయండి. రాయనంటే అదే మాట కంపెనీకి అక్కడి నుంచే ఈమెయిల్ పెట్టండి. తిరిగి తీసుకునేటప్పుడు ‘సంతృప్తికరం’ అన్న చోట, అక్కడే క్లాసు నడిపి చూడకుండా సంతకం వద్దు.

తర్వాత షాపుకు, సర్వీస్ సెంటరుకు, తయారీ కంపెనీకి ముగ్గురికీ స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి పదిహేను రోజులు గడువు పెట్టండి. ఈలోగా 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి. చాలా కంపెనీలు ఈ దశలోనే దిగివస్తాయి. రాకపోతే ఫిర్యాదును ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఫోను రికార్డింగుకు 2023 భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయండి. వాళ్లు లోపమే లేదంటే, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(2)(సి) కింద యంత్రాన్ని తగిన ల్యాబ్‌కు పంపమని దరఖాస్తు ఇవ్వండి. పరీక్ష అవసరమైన కేసులు అయిదు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం చెబుతోంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు.

ఏం అడగాలన్నదీ ముఖ్యమే. మొదట ఉచితంగా బాగుచేయడం, కుదరకపోతే కొత్తది, అదీ కాకపోతే 46,000 వాపసు, దానితో పాటు పోయిన క్లాసులకూ తిరుగుడు ఖర్చులకూ సహేతుకమైన పరిహారం, ఈ వరసలో రాయండి. మానసిక వేదనకు లక్షలు అడిగితే మంచి కేసు కూడా బలహీనపడుతుంది. ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. ‘వచ్చే వారం పార్టు వస్తుంది’ అన్న ఫోన్ మాటలతో అది పొడిగించబడదు.