మా అమ్మమ్మకి విజయచందరే ఏసయ్య

పాత భక్తి సినిమాల్లో, అంటే మహానుభావుల జీవితకథల్లో, అన్ని రకాల మనుషులకీ చోటు దక్కిందా, ఏసుని తెల్లవాడిగా చూపించడం తప్పు కాదా అని అడిగారు. తప్పే. హాలీవుడ్ సినిమాల్లో ఏసు వేషం 1961లో నీలికళ్ళ జెఫ్రీ హంటర్, 1965లో స్వీడన్ దేశస్థుడు మాక్స్ వాన్ సిడో వేశారు. ఆ రెండో సినిమాలో సిడ్నీ పోయిటియర్ అంతటి నల్లజాతి నటుణ్ణి తెచ్చి, సిలువ మోసే కురేనీయుడైన సీమోను వేషమిచ్చి కాసేపట్లో పంపించేశారు. ఇదంతా అందరూ తిట్టేదే.

నేను చెప్పాలనుకున్నది మా సంగతి. గుంటూరు జిల్లాలో మా అమ్మమ్మ వాళ్ళ మాలపల్లికి కోతలయ్యాక ఒక వ్యాను వచ్చేది. చర్చి ముందు రెండు గుంజలు పాతి తెల్లగుడ్డ కట్టి, 1978లో వచ్చిన 'కరుణామయుడు' వేసేవాళ్ళు. కొరడా దెబ్బల దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళంతా గుండెలు బాదుకుని ఏడుపు, మా అమ్మమ్మైతే ఆ సైనికుణ్ణి నోటికొచ్చిన బూతు తిట్టేది, పాస్టరుగారు పక్కనే ఉన్నా సరే. ఒక ఏడాది దానికి బదులు తెలుగులోకి డబ్బింగ్ చేసిన విదేశీ సినిమా తెచ్చారు, 1979 నాటిది, ఏసుగా బ్రయాన్ డీకన్ అనే ఇంగ్లీషాయన. పెదాలొకటి మాటలొకటి. అమ్మమ్మ కాసేపు చూసి "ఈ దొర ఎవరయ్యా, మన ఏసయ్య ఏడీ?" అని గట్టిగా అడిగింది. రీలు మార్చేలోపే సగం జనం చాపలు చుట్టుకుని వెళ్ళిపోయారు.

మన ఏసయ్య అంటే 'కరుణామయుడు'లో ఏసు వేషం వేసిన విజయచందర్. ఆయన టంగుటూరి ప్రకాశం పంతులుగారి మనవడు. గుడి గడప తొక్కనివ్వని కులాల వాళ్ళం గుండెల్లో పెట్టుకున్న మొహం ఒక బ్రాహ్మణ కుటుంబంలోది! పెద్దయ్యాక ఈ మాట ఏదో కనిపెట్టినట్టు అమ్మమ్మకి చెబితే, "అయితే ఏంట్రా, ఏసయ్య మాత్రం మాలపల్లిలో పుట్టాడా, దావీదు రాజు వంశం కదా" అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆ సినిమాలో 'కదిలింది కరుణరథం' పాట రాసిన మోదుకూరి జాన్సన్ మా జిల్లావాడే, గుడ్ ఫ్రైడే రోజు ఆ పాట లేకుండా మా వైపు పొద్దుపోదు. ఇప్పుడేమో టీవీలో ఆ పాట మధ్యలో సబ్బు ప్రకటన వేస్తారు, వాళ్ళకి దణ్ణం.

నా లెక్కలో ఈ విషయంలో పద్ధతిగా ఆలోచించినవాడు దర్శకుడు ముస్తఫా అక్కాద్ ఒక్కడే. 1976లో ఇస్లాం పుట్టుక మీద తీసిన సినిమాని ఆంగ్లానికి ఆంథోనీ క్విన్ లాంటి హాలీవుడ్ వాళ్ళతో, అరబ్బీకి అరబ్బు నటులతో వేరే వేరేగా తీశాడు. ప్రవక్తని అసలు తెర మీద చూపించనే లేదు కాబట్టి ఆయన మొహం గురించి గొడవే లేదు.

మన దగ్గర గొడవ మొహం దాకా కూడా రాదండీ, ఎవరి కథ తీస్తారన్న దగ్గరే ఆగిపోతుంది. త్యాగయ్య కథ 1946లో నాగయ్య తీశారు, 1981లో బాపు మళ్ళీ తీశారు. రామదాసు 1964లో ఒకసారి, 2006లో ఇంకోసారి. అదే కుమ్మరింట్లో పుట్టి రామాయణం రాసిన మొల్లకి? 1970లో పద్మనాభం, అదీ కామెడీ వేషాలేసే పద్మనాభం, వాణిశ్రీతో తీశాడు, నంది అవార్డు కూడా వచ్చింది. ఆ తర్వాత పెద్ద నిర్మాతలెవరూ ఆవిడ జోలికి పోలేదు. గ్రాఫిక్స్ అంటూ వందల కోట్లు పోస్తున్నారుగా, అందులో ఓ పిడికెడు మొల్లకి పెట్టండి, వేషానికి మాత్రం కుమ్మరి సారె తిప్పడం వచ్చిన అమ్మాయిని వెతకండి.