మీరడిగారు: సైకిల్ ఎక్కేముందు తులూజ్‌లో మూడ్రోజులు

ప్రశ్న: నాకు 54, మా ఆవిడకి 49. సెప్టెంబర్లో ఫ్రాన్స్ వెళ్లి తులూజ్ నుంచి సముద్రం దాకా కనాల్ దు మిది కాలవ గట్టు మీద సైకిల్ తొక్కాలని ప్లాన్. ఆదివారం సాయంత్రం దిగి, సోమవారం పొద్దున్నే సైకిళ్లు అద్దెకి తీసుకుని బయల్దేరిపోదాం అంటున్నా. మా ఆవిడ మూడ్రోజులు ఊళ్లో ఉందామంటోంది. ఊరికే హోటల్ ఖర్చు కదండీ? (ఒక పాఠకుడు, రాజమండ్రి)

జవాబు: ఈ విషయంలో మీ ఆవిడ మాటే వినండి సార్. ముందు ఆ ఆదివారం, సోమవారం సంగతి చూడండి. ఫ్రాన్స్‌లో ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి చాలా షాపులు మూసేస్తారు, సైకిల్ షాపులు చాలావరకు సోమవారం కూడా తెరవరు, అంటే మీ ప్లాన్ ప్రకారం పొద్దున్నే బ్యాగులేసుకుని షట్టర్ ముందు నిలబడాల్సి వస్తుంది. పైగా హైదరాబాద్ నుంచి తులూజ్‌కి నేరుగా ఫ్లైట్ లేదు, మధ్యలో మారాలి, దిగాక వేసవి టైం ప్రకారం మనకీ వాళ్లకీ మూడున్నర గంటల తేడా, అర్ధరాత్రి మూడింటికే మెలకువ వచ్చి కూర్చుంటారు. ఆ ఒంటితో మొదటిరోజే యాభై కిలోమీటర్లంటే కష్టం.

మంగళవారం సైకిల్ తీసుకోండి. తీసుకోగానే చేయాల్సిన పని బ్రేకులు చూడటం. మన దగ్గర మామూలుగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది కదా, అక్కడ ఎడమచేతిది ముందు చక్రానిది. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ గాభరాలో ఎడమ బ్రేకు గట్టిగా పట్టేశారనుకోండి, ముందు చక్రం ఆగిపోయి మీరు హ్యాండిల్ మీదుగా అవతల పడతారు. దానికి తోడు కుడివైపు నడపాలి, బోర్డేమీ లేని కూడలిలో కుడిపక్క నుంచి వచ్చేవాడికి దారివ్వాలి. ఇంకోటి, సిగ్నల్ దగ్గర చిన్న త్రికోణం బోర్డు మీద పసుపురంగు సైకిల్ బొమ్మా బాణమూ ఉంటే, ఎర్ర లైటున్నా ఆ బాణం వైపు సైకిల్ వాళ్లు వెళ్లొచ్చు, అయితే నడిచేవాళ్లకీ, మిగతా బండ్లకీ దారిచ్చి వెళ్లాలి. ఇవన్నీ చదివితే రావు, చేతికి రావాలి. ఒక సాయంత్రం గారోన్ నది ఒడ్డున ఖాళీగా తిరగండి. మర్నాడు బ్యాగులు తగిలించుకునే కాలవ గట్టెక్కి రామోన్‌విల్ దాకా వెళ్లి రండి. సీటు ఎత్తు బాలేదు, బ్యాగు మడమకి తగులుతోంది లాంటివన్నీ ఆ రోజే తెలిసిపోతాయి, షాపు కూడా దగ్గర్లోనే ఉంటుంది.

గది విషయంలో ఒకటే మాట, సైకిళ్లు రాత్రి ఎక్కడ పెడతారో బుక్ చేసేముందే రాసి అడగండి. పాతబస్తీలో మెట్లు ఇరుకు, చాలా ఇళ్లకి లిఫ్టుండదు. కాలవ మాతబ్యో రైల్వేస్టేషన్ ఎదురుగానే పోతుంది కాబట్టి ఆ చుట్టుపక్కల దిగితే బయల్దేరడం తేలిక, కానీ అందం కావాలంటే కార్మ్ పేట వైపు ఉండండి.

గోదావరి వాళ్లు కాబట్టి లాకులంటే మీకు చెప్పక్కర్లేదు. పియేర్ పోల్ రికే అనే ఆయన మన కాటన్ దొర కంటే దాదాపు నూట ఎనభై ఏళ్ల ముందే, 1666లో ఈ 240 కిలోమీటర్ల కాలవ మొదలుపెట్టాడు, 1681లో పూర్తయ్యింది, పాపం ఆయన అంతకు ముందేడాదే పోయాడు. తులూజ్ నుంచి యాభై కిలోమీటర్లు తారు వేసిన దారే, ఆ తర్వాత కంకర, మట్టి, చెట్ల వేర్లు, వానొస్తే బురద. అందుకే సన్న టైర్ల రేసు సైకిల్ వద్దు, వీటీసీ అని అడగండి, మన హైబ్రిడ్ సైకిలే. ఫోటోల్లో కనిపించే చెట్ల గొడుగు కూడా అంతటా లేదు, 2006 నుంచి బూజు తెగులు తగిలి వేల చెట్లు కొట్టేశారు, టోపీ, నీళ్లు ఉంచుకోండి.

ఇంకా ఓతాన్ అని ఒక గాలి ఉంది. ఆగ్నేయం నుంచి వీస్తుంది, మొదలైతే రోజుల తరబడి వదలదు, సముద్రం వైపు వెళ్లేవాళ్లకి సరిగ్గా ఎదురుగాలి. మీకున్న మూడ్రోజుల్లో అది ఉందో లేదో చూసుకుంటారు కదా, ఉంటే సైకిళ్లతో సహా ప్యాసింజర్ రైలెక్కి సముద్రం ఒడ్డునున్న సెత్ ఊళ్లో దిగి, అక్కణ్ణుంచి వెనక్కి తొక్కుకుంటూ రండి, అదే గాలి వీపు మీద తోస్తుంది. సైకిల్ తులూజ్‌లోనే వాపసిస్తారు కాబట్టి అద్దె గొడవా ఉండదు.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం. తులూజ్‌లో ఏం తినాలి? (ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి)

జవాబు: ఆ ఊరి పేరు మోసిన వంటకం కసూలే జోలికి పోకండి, తెల్ల చిక్కుడు గింజలే అనిపిస్తుంది గానీ బాతు, పంది మాంసం అందులోనే ఉడుకుతాయి. వంటగది ఉన్న గది తీసుకోండమ్మా, సగం బెంగ తీరిపోతుంది. విక్టర్ హ్యూగో మార్కెట్లో కూరగాయలు, చీజ్ బాగా దొరుకుతాయి, సోమవారం సెలవు. హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, మళ్లీ రాత్రి ఏడు దాటాకే వంట, మధ్యలో ఆకలేస్తే బేకరీయే దిక్కు. సలాడ్ అని ఆర్డరిచ్చినా పంది మాంసం ముక్కలు లేకుండా అని చెప్పాల్సిందే. తాగే నీళ్లు మాత్రం కొనక్కర్లేదు, కరాఫ్ దో అంటే కుళాయి నీళ్లు కూజాలో ఉచితంగా ఇస్తారు, మంచివే.

ప్రశ్న: నా ఎలక్ట్రిక్ సైకిల్ ఫ్లైట్లో తీసుకెళ్లొచ్చా? (ఒక పాఠకుడు, విశాఖ)

జవాబు: కుదరదండీ. 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల సామానుగా ఎక్కించుకోరు, మీ సైకిల్‌ది దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. బ్యాటరీ లేకుండా తీసుకెళ్తే అది ఉత్త బరువు, అక్కడే అద్దెకి తీసుకోండి.