మిర్చి యార్డులో కంప్యూటర్లు చూసే మేనల్లుడికి

గవర్నర్‌పేట, విజయవాడ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్ల కంప్యూటర్లు చూసే పనిలో చేరావని అక్కయ్య చెప్పింది. చాలా సంతోషించాను. అయితే సీజన్‌లో బిల్లింగ్ ఆగిందంటే మిర్చి బస్తాలు, అవే టిక్కీలు, దింపిన రైతు ఎండలో నిలబడిపోతాడు, షావుకారు నిన్ను తొందర పెడతాడు. ఆ తొందరలో చెయ్యి కంటికన్నా ముందు పరుగెత్తకూడదనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కంప్యూటర్‌కు టైపు చేసి ఇచ్చే ఆదేశాలు, అంటే కమాండ్లలో, ఉన్నది చూపించేవి కొన్ని, ఉన్నదాన్ని మార్చేవి కొన్ని. కంప్యూటర్ నెట్ చిరునామా చెప్పే ఐపీకాన్ఫిగ్, అవతలి యంత్రం పలుకుతుందేమో చూసే పింగ్, నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా ఇచ్చే టాస్క్‌లిస్ట్, నెట్ కనెక్షన్లు చెప్పే నెట్‌స్టాట్ చూపించే రకం. వీటిని ఊరికే నడిపితే ఏ నష్టమూ లేదు. ఫైళ్లు చెరిపే డెల్, డిస్క్‌ను తుడిచి సిద్ధం చేసే ఫార్మాట్, డిస్క్‌ను భాగాలు చేసే డిస్క్‌పార్ట్ మార్చేవి. తప్పు ఎక్కడుందో మొదటి రకంతో తేల్చుకోకుండా రెండో రకం జోలికి వెళ్లకు.

నెట్ రావడం లేదన్నారనుకో. ముందు ఐపీకాన్ఫిగ్ కొట్టు. చిరునామా 169.254తో మొదలైతే, రౌటర్ నుంచి ఏమీ అందక కంప్యూటర్ తనంతట తానే ఒక చిరునామా పెట్టుకుందన్నమాట. కేబులు, స్విచ్చి, రౌటర్ చూడు. చిరునామా సరిగ్గా ఉంటే డిఫాల్ట్ గేట్‌వేకి, అంటే రౌటర్‌కి పింగ్ చెయ్యి, ఆ తర్వాత బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి చెయ్యి. అక్కడి నుంచి జవాబు వస్తూ, సైటు పేరు కొడితే మాత్రం దొరకకపోతే పేరుకు చిరునామా వెతికిపెట్టే డీఎన్ఎస్‌ను అనుమానించు.

పింగ్‌ను మైక్ మూస్ అనే అమెరికా ప్రోగ్రామర్ 1983లో రాశాడు. పిలవడం, బదులు వస్తుందేమో వినడం, అంతే దాని పని. ఆ బదులును సరిగ్గా చదవడంలోనే చాలామంది పొరబడతారు. విండోస్‌లో నాలుగు వరుసలు వస్తాయి. ‘రిప్లై ఫ్రమ్’ అని కనిపించగానే పని అయిపోయిందనుకోకు. దాని పక్కన ఉన్న చిరునామా నీ కంప్యూటర్‌దే అయి, చివర ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని ఉంటే నువ్వు పంపిన పిలుపుల్లో (ప్యాకెట్లలో) ఒక్కటీ అవతలికి చేరలేదు. అయినా కింద లెక్కలో నష్టం సున్నా శాతం అనే చూపిస్తుంది! ‘రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్’ వస్తే అవతలి యంత్రం ఆగిపోయిందని కూడా తీర్మానించకు. దానికి కాపలా కాసే ఫైర్‌వాల్ పింగ్‌ను అడ్డుకుని ఉండవచ్చు. కాబట్టి వరుస మొత్తం చదువు.

హార్డ్‌డిస్క్ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్ కమాండును ఊరికే నడిపితే పరీక్షించి చెబుతుంది, దేన్నీ దిద్దదు. స్లాష్ ఆర్ తగిలిస్తే డిస్క్ అంతా వెతుకుతుంది, గంటలు పట్టవచ్చు. డిస్క్ టిక్కుటిక్కుమంటుంటే అలా నడపనే వద్దు. ముందు ఖాతాల డేటా వేరే డిస్క్‌లోకి తీసుకో. రైతుల బాకీలు, పట్టీలు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ కాపీకి రోబోకాపీ కమాండు మంచిదే కానీ, గమ్యాన్ని మూలానికి అచ్చు నకలుగా మార్చే స్లాష్ ఎమ్ఐఆర్ వాడేటప్పుడు ఏది మూలమో ఏది గమ్యమో వేలు పెట్టి సరిచూసుకో. అవి తారుమారైతే ఖాళీ ఫోల్డర్‌ను చూసి నిండు ఫోల్డర్‌ను ఖాళీ చేస్తుంది.

డెల్‌తో పోయిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి రాదు. ఏ పేరుకైనా సరిపోయే నక్షత్రం గుర్తు పెట్టి చెరపాల్సి వస్తే, ముందు అదే గుర్తుతో ఫైళ్ల పేర్లు చూపించే డిర్ కొట్టి, ఏయే పేర్లు వస్తున్నాయో చూడు. లినక్స్ సర్వర్‌లోనూ అంతే, చెరిపే ఆర్ఎమ్‌కు ముందు పేర్లు చూపించే ఎల్ఎస్. సర్వర్ ఉన్నట్టుండి రాయడం మానేస్తే డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చెప్పే డీఎఫ్ మైనస్ హెచ్ కొట్టు, చాలాసార్లు జరిగినవన్నీ రాసిపెట్టే లాగ్ ఫైళ్లతో డిస్క్ నిండిపోయి ఉంటుంది.

ఎక్కడో దొరికిన కమాండును అర్థం తెలియకుండా అతికించకు. విండోస్‌లో దాని పేరు పక్కన స్లాష్, ప్రశ్నార్థకం కొడితే ఏ గుర్తు ఏం చేస్తుందో అదే చెబుతుంది.

చూసినదాన్ని దాచుకో. కమాండు చివర ‘>’ పెట్టి ఫైలు పేరిస్తే ఫలితం అందులోకి వెళ్తుంది. ఒక్కటి పెడితే పాతది పోతుంది, రెండు పెడితే పాతదాని కింద చేరుతుంది. ఒక్కో కొట్టుకి ఒక్కో ఫైలు పెట్టుకుని, అన్నీ బాగున్న రోజున ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ ఫలితం కూడా అందులో వేసి ఉంచు. ఎక్కడైనా చిక్కుపడితే రాత్రయినా ఫోను చెయ్యి, ఆ ఫైలు పంపు, తెర మీద వచ్చిన వాక్యం ఉన్నదున్నట్టు చదివి వినిపించు.

నీ మామయ్య