పెరట్లో 22 అడుగుల షటిల్: టాప్‌అప్ లోన్ ఎందుకు వద్దంటున్నాను

ప్రశ్న: మాది ఘట్‌కేసర్. నాకు 41 ఏళ్లు. నా జీతం, టీచర్‌గా చేస్తున్న నా భార్య జీతం కలిపి నెలకు రూ.1,83,000 చేతికొస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ రూ.41,000 (ఇంకా 12 ఏళ్లు), ఇంటి ఖర్చు రూ.68,000, స్కూలు ఫీజు, బీమా ప్రీమియంలు రూ.14,000, సిప్‌లు రూ.25,000 పోతున్నాయి. ఎఫ్‌డీలో 4 లక్షలు, 2014-15లో తెరిచిన పీపీఎఫ్‌లో 9 లక్షలు ఉన్నాయి. అమ్మాయి తొమ్మిదో తరగతి. స్టార్ ట్రెక్ టీవీ సీరియల్‌లోని గెలీలియో షటిల్‌ను (చిన్న అంతరిక్ష నౌకను) పెరట్లోని రేకుల షెడ్డులో పూర్తి సైజులో కట్టాలన్నది నా చిరకాల కోరిక. నా లెక్కలో రూ.3,80,000 అవుతుంది. హోమ్ లోన్ మీద 4 లక్షల టాప్‌అప్ తీసుకోనా, పీపీఎఫ్‌లోంచి తీయనా? ఈవెంట్లకు అద్దెకిస్తే డబ్బు తిరిగొస్తుందని మిత్రుడు అంటున్నాడు. కొటేషన్లు జత చేశాను.

జవాబు: కట్టండి. మీ ఆదాయానికి ఇది మోయలేని కోరిక కాదు. కానీ అప్పు చేయొద్దు, పీపీఎఫ్ జోలికి పోవద్దు.

టాప్‌అప్ సంగతి మొదట చూద్దాం. 9 శాతం వడ్డీతో 4 లక్షలను 12 ఏళ్లు కడితే ఈఎంఐ రూ.4,550 దాకా వస్తుంది, వడ్డీ ఒక్కటే సుమారు రెండున్నర లక్షలు. అంతకన్నా అసలు కారణం ఇంకోటి ఉంది. ఈ పని వేగాన్ని నిర్ణయించేది డబ్బు కాదు, మీకు దొరికే శని, ఆదివారాలు. లోన్ డబ్బు మొదటి రోజే ఖాతాలో పడుతుంది, వడ్డీ ఆ రోజే మొదలవుతుంది. మీరేమో ఆరు నెలల తర్వాత కూడా ఫ్రేమ్ వెల్డింగ్ దగ్గరే ఉంటారు. డబ్బు చేతిలో ఉంది కదా అని సరుకంతా ఒకేసారి కొంటే ఇంకో నష్టం. ప్లై మీద ఫైబర్ పూతకు వాడే ద్రవం, పాలిస్టర్ రెజిన్, సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలకు మించి నిల్వ ఉండదు, మన ఎండాకాలంలో డబ్బాలోనే గట్టిపడుతుంది.

మీ ఎస్టిమేట్‌లో స్టీలు, ప్లైవుడ్ లెక్క బాగుంది. 22 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉన్న బాడీకి ఉపరితలం సుమారు 700 చదరపు అడుగులు, అంటే 65 చదరపు మీటర్లు. 32 చదరపు అడుగుల ప్లై షీట్లు 22 పడతాయి, కోతల్లో పోయేది కలిపితే 27. మీకిచ్చిన రేటు చదరపు అడుగుకు రూ.60 చొప్పున అది రూ.52,000. రెండడుగులకో రింగు చొప్పున 12 రింగులు 25×25 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ట్యూబుతో, కింది బేస్, నిలువు దూలాలు 40×40×2 మి.మీ. ట్యూబుతో చేస్తే వేస్టుతో సహా 425 కిలోలు, కిలో రూ.75 చొప్పున రూ.32,000. ఇంతవరకూ సరే.

తప్పిందల్లా పుటీ, పెయింటు దగ్గర. మీరు రూ.18,000 వేశారు. 65 చదరపు మీటర్ల మీద సగటున ఒక్క మిల్లీమీటరు పుటీ పూస్తే 65 లీటర్లు, బరువులో 100 కిలోల పైమాటే. కిలో రూ.300 లెక్కన రూ.30,000 దాటిపోతుంది. ఈ మిల్లీమీటరు ఎక్కడి నుంచి వస్తుంది? వెల్డింగ్ వేడికి రింగు ఒక పక్కకు లాగుతుంది, దాని మీద బిగించిన ప్లై జాయింట్లు ఎగుడుదిగుడవుతాయి, ఆ గుంతల్ని పుటీతో నింపుతారు. అందుకే 18 మి.మీ. ప్లై మీద ఒకే జిగ్ (కొలత తప్పకుండా పట్టి ఉంచే చట్రం) చేసుకుని, 12 రింగులూ అందులోనే బిగించి ట్యాక్ (చిన్న చుక్క వెల్డింగ్) వేయండి. మూల నుంచి ఎదురు మూలకు తీసిన రెండు కొలతల తేడా 3 మి.మీ. మించితే పూర్తి వెల్డింగ్‌కు వెళ్లొద్దు. 2 మి.మీ. ట్యూబుకు 2.5 మి.మీ. రాడ్, 60 నుంచి 80 ఆంప్స్ చాలు. ఒక మూల వేశాక ఎదురు మూలకు వెళ్లండి. ఇలా చేస్తే పుటీ 40 కిలోల్లో ముగుస్తుంది. ప్రైమర్ 16 లీటర్లు, పీయూ (పాలియురెథేన్) పెయింటు 16 లీటర్లు, హార్డనర్, థిన్నర్, శాండ్‌పేపర్ కలిపి ఈ దశకు రూ.63,000 పెట్టుకోండి.

అసలు మీ కాగితంలో లేనివీ ఉన్నాయి. వెల్డింగ్ మెషీన్, గ్రైండర్, జిగ్‌సా, సాండర్, క్లాంపులకు రూ.45,000. రాడ్లు, డిస్కులు, రెడ్‌ఆక్సైడ్, చక్రాలకు రూ.14,000. కరెంటు లోడు పెంచుకోవడానికి, షెడ్డు వైరింగ్‌కు రూ.12,000. పక్క ఇంజిన్లకు రూ.50,000. తలుపు, కిటికీలకు రూ.40,000. లోపలి సీట్లు, ప్యానెళ్లు, ఎల్‌ఈడీలకు మీరు వేసిన రూ.60,000 చాలదు, రూ.1,10,000 ఉంచండి. స్టీలు, ప్లై, ఫైబర్ కలుపుకుని మొత్తం రూ.4,90,000. దాని మీద 20 శాతం అనుకోని ఖర్చులకు వేస్తే రూ.5,88,000. మీ 3.8 లక్షలకు, దీనికి ఉన్న తేడాయే ఇలాంటి పనుల్ని సగంలో ఆపేస్తుంది.

సైజు కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. షూటింగ్ కోసం 1966లో కట్టిన గెలీలియో బయటి నమూనా సుమారు 22 అడుగులే. లోపలి దృశ్యాలకు సెట్ వేరు, అది బయటి నమూనాలో పట్టదు. లోపల హాయిగా నిలబడేలా అన్ని కొలతలూ 25 శాతం పెంచితే ఉపరితలం 56 శాతం పెరుగుతుంది. ప్లై, రెజిన్, పెయింటు ఖర్చు కూడా అంతే పెరుగుతుంది. పైగా వెడల్పు 10 అడుగులవుతుంది. మన రోడ్ల మీద బండికి అనుమతించే వెడల్పు 2.6 మీటర్లు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. రేపు ఇల్లు మారితే ఏం చేస్తారు? 22 అడుగులకే ఉండండి. దాన్నీ 11 అడుగుల రెండు సగాలుగా, మధ్యలో బోల్టులతో కలిసేలా, పక్క ఇంజిన్లు ఊడదీసేలా కట్టండి. ఒక్కో సగానికి 250 కిలోలు మోసే చక్రాలు నాలుగు. అప్పుడే గేటు దాటుతుంది.

ఇక డబ్బు సర్దుబాటు. అన్నీ పోను మీకు నెలకు రూ.35,000 మిగులుతోంది. సిప్‌లు కాక మీ తప్పనిసరి ఖర్చు నెలకు రూ.1,23,000. ఆరు నెలలకు దాదాపు 7.4 లక్షలు చేతిలో ఉండాలి, ఉన్నది 4 లక్షలు. కాబట్టి మిగులులో రూ.15,000 అత్యవసర నిధికి, రూ.20,000 షటిల్‌కు. 23 నెలల్లో నిధి నిండుతుంది, 30 నెలల్లో షటిల్‌కు 6 లక్షలు చేరతాయి. షటిల్ డబ్బుకు వేరే సేవింగ్స్ ఖాతా, దానికి జతగా లిక్విడ్ ఫండ్ పెట్టుకోండి. పీపీఎఫ్ 2030 మార్చి 31న మెచ్యూర్ అవుతుంది, సరిగ్గా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుల వేళకు. అది ఆమెది.

జనవరిలో కూడబెట్టడం మొదలుపెడితే మే నెలాఖరుకు పనిముట్లు, స్టీలు, కరెంటుకు సరిపడా లక్ష అవుతుంది. వానాకాలమంతా షెడ్డులో ఫ్రేమ్ పని. డిసెంబరుకు ప్లై, ఫైబర్ డబ్బు రూ.1,24,000 చేతికొస్తుంది. ఈ రెండిటినీ విడదీయొద్దు. ప్రైమర్ కొట్టిన స్టీలు ఏడాదైనా ఆగుతుంది, ఫైబర్ పడని ప్లై ఆగదు. ఒరిజినల్ గెలీలియోకు అదే జరిగింది. ఏళ్ల తరబడి ఆరుబయట ఉండి చెక్క కుళ్లిపోయింది. 2012లో వేలంలో కొన్నవారు ఎంతో శ్రమపడి బాగుచేయిస్తే 2013లో హ్యూస్టన్ స్పేస్ సెంటర్‌కు చేరింది.

ఫైబర్ పని జనవరి, ఫిబ్రవరి పొడి రోజుల్లోనే. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ (గాజు నారల పరుపు) రెండు పొరలు, మ్యాట్ బరువుకు రెండున్నర రెట్లు రెజిన్. వేస్టుతో 68 కిలోల మ్యాట్, 170 కిలోల రెజిన్ అవుతుంది. రెజిన్‌ను రెండు మూడు విడతలుగా కొనండి. యాక్సిలరేటర్ (గట్టిపడే వేగం పెంచే ద్రవం) రెజిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డనర్ ఒకటి రెండు శాతం వేయాలి. యాక్సిలరేటర్‌ను, హార్డనర్‌ను నేరుగా కలిపితే మంటలు లేస్తాయి, పేలొచ్చు కూడా. షెడ్డు ఇంటికి ఆనుకుని ఉంటే రెజిన్ నిల్వ గురించి మీ గృహ బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి.

అద్దె ఆదాయం లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. సొంత సరదాకు కట్టుకోవడం వేరు, దాని మీద డబ్బు తీసుకోవడం వేరు. 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం గీసిన బొమ్మను త్రీడీ వస్తువుగా చేసే హక్కు కూడా హక్కుదారుదే. స్టార్ ట్రెక్ హక్కులు పారామౌంట్‌వి. అద్దెకివ్వాలనే ఉంటే రూపం, పేరు పూర్తిగా మీ సొంతమైన షటిల్ గీసుకోవాలి. ఆ నిర్ణయం స్టీలు కొనకముందే జరగాలి, ఎందుకంటే రింగుల ఆకారం దాన్నిబట్టే ఉంటుంది.