నొచ్చుకున్న చోట నోరు విప్పడం

ప్రశ్న: నెల క్రితం బంధువులందరం ఒకచోట కలిసినప్పుడు మా పెదనాన్నగారు మాటల మధ్యలో, "విడాకులు తీసుకునే ఆడవాళ్లకు ఓర్పు ఉండదు, సంసారం నిలబెట్టుకోవడం చేతకాక బయటికి వస్తారు" అన్నారు. రెండేళ్ల క్రితం విడాకులు తీసుకున్న మా చెల్లెలు అక్కడే కూర్చుని తల దించుకుంది. నేను ఒక్క మాట కూడా అనలేకపోయాను. చిన్నప్పుడు మమ్మల్ని ఎత్తుకుని పెంచిన మనిషిని ఎదిరిస్తే మర్యాద తప్పినట్టవుతుంది, ఊరుకుంటే చెల్లెలికి అన్యాయం చేసినట్టవుతుంది. ఆ రోజు నుంచి నాలో నేనే రగిలిపోతున్నాను. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆ రోజు నోరు మెదపలేకపోయినందుకు మిమ్మల్ని మీరు పిరికివారిగా లెక్క వేసుకోకండి. జేనెట్ స్విమ్, లారీ హయర్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, బృంద చర్చకు వచ్చిన స్త్రీల ఎదుట ఒక పురుషుడి చేత వారిని చిన్నబుచ్చే మాటలు కావాలనే అనిపించారు. అలాంటి మాట వింటే ఏం చేస్తారని మరికొందరిని ఊహించి చెప్పమన్నప్పుడు చాలామంది గట్టిగా బదులిస్తామన్నారు గానీ, నిజంగా ఎదురుగా విన్నవారిలో నేరుగా బదులిచ్చినవారు కొద్దిమందే. ఊరుకున్నవారిలోనూ చాలామంది ఆ మనిషిని మనసులో తప్పుపట్టారు. ఊహించని చోట ఊహించని మనిషి నోట దెబ్బలాంటి మాట వస్తే, అది నిజంగానే విన్నామా అని తేల్చుకునే లోపే సంభాషణ ముందుకు సాగిపోతుంది. మీకు జరిగింది అదేనని నాకు అనిపిస్తోంది.

పెదనాన్నగారి కంటే ముందు మీరు మాట్లాడవలసినది మీ చెల్లెలితో. "ఆ రోజు నేను నీ పక్షాన ఒక్క మాట అనలేకపోయాను, అది నన్ను తొలుస్తోంది" అని చెప్పండి. ఆ తరువాత, ఈ విషయం పెదనాన్నగారి దగ్గర ఎత్తడం ఆమెకు ఇష్టమేనా అని అడగండి. నొచ్చుకున్నది ఆమె మనసు కాబట్టి, ఆమె పేరు మీద జరిగే సంభాషణలో ఏది చెప్పవచ్చో, ఏది చెప్పకూడదో ఆమే నిర్ణయించాలి. మనవాళ్ల తరఫున మాట్లాడాలన్న ఆవేశంలో వారు దాచుకున్న బాధను నలుగురిలో పరిచేసే పొరపాటు చాలామంది మంచి మనసున్నవారే చేస్తుంటారు.

ఆమె సరేనంటే, ఎవరూ లేనప్పుడు పెదనాన్నగారి దగ్గరకు వెళ్లండి. ఆయన అన్న మాటను పెంచకుండా, తుంచకుండా ఆయనకు గుర్తుచేయండి. అది ఏం చేసిందో చెప్పండి. మీకేం కావాలో అడగండి. "పెదనాన్నా, విడాకులు తీసుకున్నవాళ్లకు ఓర్పు ఉండదని మొన్న మీరన్నప్పుడు చెల్లి పక్కనే ఉంది. ఆ మాట దానికీ నొప్పి కలిగించింది, నాకూ కలిగించింది. ఇక మీదట ఆ మాట అనవద్దని అడగడానికి వచ్చాను" అంటే చాలు. "మీరెప్పుడూ ఇంతే", "మీ తరం వాళ్లందరూ ఇంతే" అన్న మాటలు మాత్రం రానివ్వకండి, ఎందుకంటే అప్పటి నుంచి ఆయన తాను అన్న మాటను గురించి ఆలోచించడం మాని తన వ్యక్తిత్వాన్ని కాపాడుకునే పనిలో పడతారు. "నేను దాన్ని ఉద్దేశించి అనలేదు" అని ఆయన అనవచ్చు. "మీ ఉద్దేశం అది కాదని నాకూ తెలుసు, కానీ ఆ మాట విన్నది చెల్లే కదా" అని అక్కడితో ఆపండి. తప్పు ఒప్పించి పంపాలన్న పట్టుదల వద్దు. మార్గో మాంటీత్, ఆమె సహపరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగాలలో, తమ మాటలోని చిన్నచూపును ఎవరైనా ఎత్తిచూపినప్పుడు జనం ఆ చెప్పినవారి మీద కినుక వహించారు, అయినా ఆ తరువాత అటువంటి మాటలు తగ్గించారు. కాబట్టి మీ మాట పనిచేసిందో లేదో ఆ రోజు ఆయన ముఖంలో వెతకకండి. మరోసారి అందరూ కలిసినప్పుడు గమనించండి.

ఆయన మళ్లీ అందరి ముందే అంటే, మీరు కూడా అందరి ముందే చెప్పండి, ఎందుకంటే ఆ గదిలో ఎవరూ కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టేనని మీ చెల్లెలికి అనిపిస్తుంది. "పెదనాన్నా, ఆ మాటను నేను ఒప్పుకోలేను" అన్న ఒక్క వాక్యాన్ని ఇంటి దగ్గరే నాలుగుసార్లు పైకి అనుకుని సిద్ధంగా ఉంచుకోండి, ఆ క్షణంలో కొత్త మాటలు తట్టవు. గొంతు పెంచనక్కరలేదు, నవ్వుతూ తేలిక చేయనూ వద్దు. మర్యాద ఆయనను పిలిచే పిలుపులోనూ, మీ గొంతులోనూ ఉంటుంది. ఆయన అన్న ప్రతిదానికీ తల ఊపడం అందులో భాగమని నేను అనుకోను.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా నాకు ఆప్తుడైన మిత్రుడు ఈ మధ్య కొన్ని వర్గాల ప్రజల గురించి మాట్లాడే తీరు నాకు రోత పుట్టిస్తోంది. వాదిస్తే గొడవవుతోంది. స్నేహం వదులుకోవలసిందేనా?
- ఒక పాఠకుడు

జవాబు: మీ మిత్రుడు ఒక విధానం మంచిది కాదంటున్నారా, లేక కొందరు మనుషులే తక్కువవారంటున్నారా అన్నది ముందు తేల్చుకోండి. మొదటిదైతే అది ఎంత చేదుగా ఉన్నా భేదాభిప్రాయమే, దానితో కలిసి బతకవచ్చు. రెండోదైతే ఊరుకోకూడదు గానీ, వాదనతో గెలవాలని చూస్తే మీరు చెబుతున్నట్టే గొడవ మిగులుతుంది. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల విముఖత గురించి ఇంటింటికీ వెళ్లి సుమారు 10 నిమిషాలు మాట్లాడినప్పుడు కలిగిన మార్పు కనీసం 3 నెలలు నిలిచింది. అక్కడ మాట్లాడినవారు ఎదుటివారికి ఉపన్యాసం ఇవ్వలేదు. తాము వేరుగా ఉన్నందుకు చిన్నచూపుకు గురైన సందర్భం ఏదైనా ఉంటే గుర్తుతెచ్చుకోమని అడిగి, వారు చెప్పింది విన్నారు.

మీరిద్దరే ఉన్నప్పుడు మీ మిత్రుణ్ణి అలా అడిగి చూడండి. ఆయన బతుకులో అలాంటి రోజు ఒకటి ఉండే ఉంటుంది, ఇరవై ఏళ్ల స్నేహంలో బహుశా మీకూ తెలిసే ఉంటుంది. ఆయన చెప్పేది పూర్తిగా వినండి, మధ్యలో అందుకుని పాఠం తీయకండి. ఒక్కసారితో తేలకపోతే మరోసారి అడగండి. అప్పటికీ ఆయన ఆ ధోరణిలోనే ఉంటే, ఆ మాటలు వచ్చిన ప్రతిసారీ లేచి వెళ్లిపోయే హక్కు మీకుంది. కలుసుకోవడం తగ్గించుకోవలసి వస్తే, ఎందుకు తగ్గించుకుంటున్నారో ఆయనకు ఒకసారి సూటిగా చెప్పిన తరువాతే తగ్గించుకోండి.