ప్లస్ చిప్ ఛార్జింగ్‌ను త్వరగా తినేస్తుందా?

ప్రశ్న: వాడిన ఫోన్లు రెండు చూసి ఉంచాను. ఒకదానిలో స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 1, మరొకదానిలో 8 ప్లస్ జెన్ 1 చిప్ ఉన్నాయి. రెండూ 4 నానోమీటర్ల తయారీ పద్ధతివే, బ్యాటరీలూ సమానమే. ప్లస్ వేగం ఎక్కువ కనుక ఛార్జింగ్ త్వరగా అయిపోతుందేమోనని అనుమానం. ఏది తీసుకోమంటారు?

జవాబు: రెండు బ్యాటరీలూ ఒకే స్థితిలో ఉంటే ప్లస్ ఉన్న ఫోనే తీసుకోండి. వేగం పెరిగితే ఖర్చూ పెరుగుతుందన్న మీ లెక్క మామూలుగా సరైనదే గానీ, ఈ జంట విషయంలో అది తిరగబడింది. ఒక పెద్ద కోర్ (చిప్‌లో లెక్కలు చేసే విభాగం), మూడు మధ్యరకం, నాలుగు చిన్నవి, ఇలా రెండింటి అమరికా ఒక్కటే. అసలు తేడా తయారీలో ఉంది. 2021 నవంబరు చివర్లో ప్రకటించిన మొదటి చిప్‌ను శాంసంగ్ ఫ్యాక్టరీలో చేయించిన స్నాప్‌డ్రాగన్ కంపెనీ క్వాల్‌కామ్, 2022 మే నెలలో ప్రకటించిన ప్లస్‌ను తైవాన్‌కు చెందిన చిప్‌ల తయారీ సంస్థ టీఎస్‌ఎంసీకి అప్పగించింది. పెద్ద కోర్ గరిష్ఠ వేగం 3 గిగాహెర్ట్జ్ నుంచి 3.2కు పెరిగినా, విద్యుత్ పొదుపు 30 శాతం వరకు మెరుగైందని క్వాల్‌కామే చెప్పుకుంది.

కీలకమంతా వోల్టేజిలో ఉంది. చిప్ పనిచేసేటప్పుడు అయ్యే విద్యుత్ ఖర్చు వేగాన్ని బట్టి నేరుగానూ, వోల్టేజిని బట్టి దాని వర్గంగానూ పెరుగుతుంది. 10 శాతం వేగం కోసం వోల్టేజిని కూడా 10 శాతం పెంచవలసి వస్తే ఖర్చు దాదాపు 33 శాతం ఎగబాకుతుంది. ప్లస్‌లా అదే వేగాన్ని తక్కువ వోల్టేజితోనే అందుకోగలిగితే ఆ మేరకు ఆదా. నానోమీటర్ల అంకె ఈ సంగతేమీ చెప్పదు, ఎందుకంటే అది ఇప్పుడు కొలత కాదు, ఒక్కో ఫ్యాక్టరీ తన పద్ధతికి పెట్టుకున్న పేరు మాత్రమే. (2015లో ఐఫోన్ 6ఎస్‌లోని ఏ9 చిప్‌ను శాంసంగ్ 14, టీఎస్‌ఎంసీ 16 నానోమీటర్ల పద్ధతిలో తయారు చేశాయి, ఏది మేలన్న వాదులాట చెలరేగితే, నిజ వాడకంలో బ్యాటరీ తేడా 2-3 శాతమేనని ఆపిల్ వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.)

అయితే మీ వాడకం కాల్స్, సందేశాలు, వీడియోలకే పరిమితమైతే ఈ తేడా అంతగా తెలియదు. వీడియోను విప్పే పని చిప్‌లోనే ఉండే ప్రత్యేక విభాగం చూసుకుంటుంది, అప్పుడు ఛార్జింగ్‌ను ఎక్కువగా లాగేది తెర. గేములు ఆడేవారైతే వేగాన్ని కొలిచే యాప్‌లు ఇచ్చే బెంచ్‌మార్క్ స్కోర్లు పక్కన పెట్టి, ఛార్జర్ తీసేసి ఒకే గేమును రెండు ఫోన్లలోనూ 20 నిమిషాలు ఆడి చూడండి. వెనుక భాగం వేడెక్కాక ఏ ఫోన్‌లో బొమ్మ తడబడటం మొదలవుతుందో, దాని చిప్ చల్లబడటానికి వేగం తగ్గించుకుంటోందన్నమాట.